బలానికి ఏం పట్టమంటారు?

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. తొలి కాన్పు. బాబు ఎనిమిదిన్నర నెలలకే పుట్టాడు, బరువు 2.1 కిలోలు. పుట్టిన కొన్ని గంటలకే పచ్చగా కక్కడం మొదలుపెట్టాడు. చిన్నపేగు మొదట్లోనే మూసుకుపోయిందని, దాన్ని డుయోడినల్ అట్రీసియా అంటారని చెప్పి హైదరాబాద్ పంపించారు. మూడో రోజు ఆపరేషన్ అయింది. రెండు వారాల పైన లైను ద్వారానే ఆహారం ఎక్కించారు. మధ్యలో తొమ్మిదో రోజున రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు, లైను మార్చారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు. 23వ రోజున ఇంటికి వచ్చాం. ఇప్పుడు నెలా వారం, బరువు 2.7 కిలోలు. కాసేపు రొమ్ముకి పట్టి, కొంత పిండి పడుతున్నాను. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: 'బలానికి ఏదైనా పట్టండి, ఇంకోసారి ఇన్ఫెక్షన్ వస్తే తట్టుకోలేడు' అని. మెడికల్ షాపులో పనిచేసే మా మరిది ప్రొబయోటిక్ సాచెట్లు, గ్లూటమిన్ పొడి తెచ్చాడు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు ప్రొబయోటిక్ డ్రాప్స్, లాక్టోఫెరిన్ పంపింది. అత్తయ్య వస అరగదీసి తేనెతో నాకిస్తానంటోంది. వీటిలో ఏది మంచిది? ఆస్పత్రిలో ఇవేవీ ఇవ్వనందుకే ఇన్ఫెక్షన్ వచ్చిందా? లేక నా పాలలోనే బలం లేదా?

సమాధానం: అమ్మా, ముందుగా ఆ సాచెట్లు, డబ్బాలు, డ్రాప్స్ అన్నీ ఒక సంచిలో వేసి పక్కన పెట్టండి. పారేయొద్దు, వాటితో పని ఉంది. తేనె మాత్రం బాబుకి ఏడాది నిండేదాకా నోటి దగ్గరికి రానివ్వకండి. ఈ రెండూ చేశాక తక్కినది నెమ్మదిగా చదవండి.

మీరు చివర్లో అడిగిన దాంతోనే మొదలుపెడతాను. ఆ అనుమానం తీరకపోతే నేను ఏం చెప్పినా మీ చెవికి ఎక్కదు. ఇన్ఫెక్షన్ మీ పాల వల్ల రాలేదు. ఏదో పొడి ఇవ్వకపోవడం వల్లా రాలేదు. లైను అంటే చేతి నరం నుంచో కాలి నరం నుంచో మెడ దగ్గర నుంచో గుండె పక్కనున్న పెద్ద నరందాకా వెళ్లే సన్నటి గొట్టం. అందులోంచి గ్లూకోజు, ప్రొటీను, కొవ్వు కలిపిన ద్రవం రాత్రీ పగలూ చుక్కచుక్కగా పోతూ ఉంటుంది. నోటితో తాగలేని బిడ్డని బతికించేది అదే. సూక్ష్మజీవులకి కూడా అది మంచి విందే. గొట్టం చర్మాన్ని దాటే చోట ఒక సందు, సిరంజి తగిలించిన ప్రతిసారీ ఇంకో సందు. ఎంత జాగ్రత్తపడ్డా రెండు మూడు వారాల్లో ఎప్పుడో ఒకప్పుడు ఏదో దూరే ప్రమాదం ఉంటుంది. మన దేశంలో ఎన్‌ఐసీయూల్లో, అంటే పసికందుల ఐసీయూల్లో, క్లెబ్సియెల్లా, అసినిటోబాక్టర్ అనే మొండి జాతులు ఎక్కువ. ఢిల్లీలో మూడు ఆస్పత్రుల్లో చేసి 2016లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ముందు వరుసలో ఉన్నవి ఈ రెండే.

దానికి తోడు మీవాడు నెలలు పూర్తిగా నిండకుండా పుట్టాడు. తల్లి నుంచి మాయ ద్వారా బిడ్డకి వెళ్లే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం ఆఖరి వారాల్లోనే వెళతాయి. మీవాడికి ఆ వారాల్లో కొన్ని తగ్గాయి. కడుపు కోసి కుట్లు వేశారు. పాలు పడని పేగు లోపలి పొర పలచబడుతుంది. వీటిలో ఒక్కటి కూడా మీ చేతిలో ఉన్నది కాదు.

'అన్ని రోజులు పాలు ఎందుకు ఆపారు' అని మీవాళ్లు అనుకుంటూ ఉంటారు. డుయోడినల్ అట్రీసియాలో అడ్డం ఉన్న చోటికి పైనున్న పేగు బిడ్డ తల్లి కడుపులో ఉండగానే బుడగలా సాగిపోయి ఉంటుంది. అడ్డం తీసి కలిపి కుట్టాక దారి తెరుచుకుంటుంది గానీ, సాగిన పేగుకి మళ్లీ పట్టు వచ్చి పాలని కిందికి నెట్టడానికి వారం పట్టొచ్చు, మూడు వారాలు పట్టొచ్చు. ముక్కు గొట్టంలో పచ్చటి నీరు తగ్గేదాకా పాలు మొదలుపెట్టరు.

ఇక డబ్బాల సంగతి. మీ మరిది తెచ్చిన గ్లూటమిన్ పొడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. దాని వెనకాల ఉన్న ఆలోచన తెలివైనదే, అందుకే చాలామంది డాక్టర్లు కూడా ఒకప్పుడు దాని మీద ఆశపెట్టుకున్నారు. గ్లూటమిన్ ఒక అమైనో ఆమ్లం. పేగు గోడలోని కణాలకి అది ముఖ్యమైన ఇంధనం. లైనులో ఎక్కించే మామూలు ప్రొటీను ద్రవంలో గ్లూటమిన్ ఉండదు, ఎందుకంటే ద్రవంలో కలిపితే అది నిలవ ఉండదు. మరి పేగుకి ఇంధనం లేకపోతే గోడ పలచబడి లోపలి సూక్ష్మజీవులు రక్తంలోకి దూరుతాయి కదా, దాన్ని విడిగా ఎక్కిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి కదా అనుకున్నారు. వినడానికి లెక్క సరిగ్గా ఉంది.

పరీక్షిస్తే తేలింది వేరు. నెదర్లాండ్స్‌లో పేగు ఆపరేషన్ అయిన 80 మంది పసిపిల్లలకి ఇచ్చి చూసి 2005లో ఫలితాలు ప్రచురించారు. పేగు గోడలో తేడా లేదు, కోలుకోవడంలోనూ తేడా లేదు. ఆ తర్వాత బ్రిటన్‌లో 174 మంది మీద చేశారు, అందరూ మీవాడిలాంటి పేగు జబ్బు, ఆపరేషన్ పిల్లలే. ఫలితాలు 2012లో వచ్చాయి. పూర్తిగా పాలకి రావడానికి పట్టే రోజులు తగ్గలేదు. ఒక్క చోట మాత్రం చిన్న ఆశ కనిపించింది: నోటికి చుక్క పాలు కూడా పడని రోజుల్లో, లైను మీదే ఉన్న పిల్లల్లో రక్తపు ఇన్ఫెక్షన్ కొంత తగ్గినట్టు అనిపించింది. కానీ అలాంటి ట్రయల్స్ మూడూ, అంటే మొత్తం 274 మంది పిల్లల లెక్కలు కలిపి చూస్తే ఇన్ఫెక్షన్లలో గానీ మరణాల్లో గానీ తేడా ఉందని చెప్పగలిగేంత ఏమీ మిగల్లేదు. అమెరికాలో కిలో కంటే తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు 1,433 మంది మీద పరీక్షించి అంతకుముందే, 2004లో చెప్పారు: ఉపయోగం లేదని. పెద్దవాళ్ల కథ ఇంకా ఘోరం. ఐసీయూలో ఉన్న 1,223 మంది మీద చేసిన ట్రయల్ 2013లో వచ్చింది. అందులో గ్లూటమిన్ తీసుకున్నవాళ్లలోనే ఎక్కువమంది చనిపోయారు.

ఇంకో మాట. నేను చెప్పిన పిల్లల ట్రయల్స్‌లో ఇచ్చింది నరం ద్వారా, స్టెరైల్‌గా, అంటే క్రిములేవీ లేకుండా తయారుచేసిన ద్రవం. మీ మరిది తెచ్చింది జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు షేకర్‌లో కలుపుకునే పొడి. ఆ రెండింటికీ పేరు ఒకటే, అంతకుమించి చుట్టరికం లేదు. పైగా ఇప్పుడు మీవాడు పాలు తాగుతున్నాడు. తల్లిపాలలో గ్లూటమిన్ ఉండనే ఉంది. ఆ డబ్బా చెకప్‌లో డాక్టరుకి చూపించాక మరిదికే తిరిగి ఇచ్చేయండి, కోపం తెచ్చుకోకుండా.

ప్రొబయోటిక్స్, అంటే మేలు చేస్తాయని పట్టే సూక్ష్మజీవుల విషయంలో నేను అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. ఒడిశాలో, పల్లెల్లో, 4,556 మంది అప్పుడే పుట్టిన పిల్లల మీద ఒక ట్రయల్ జరిగింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక జాతిని, దానికి మేతగా ఒక రకం చక్కెరని కలిపి మొదటివారంలో మొదలుపెట్టి ఏడు రోజులు ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్) గానీ మరణం గానీ ఇవ్వనివాళ్లలో 9 శాతం ఉంటే, ఇచ్చినవాళ్లలో 5.4 శాతం. చాలా పెద్ద తేడా అది. నేను ఆ పేపరు చదివిన రోజు మా జూనియర్లందరినీ పిలిచి చూపించాను.

కానీ ఆ పిల్లలెవరు? రెండు కిలోల పైన బరువుతో, దాదాపు నెలలు నిండి పుట్టి, తల్లి రొమ్ము తాగుతూ, ఆరోగ్యంగా ఇంట్లో ఉన్నవాళ్లు. పేగు మీద కుట్లు ఉన్నవాళ్లు కాదు. ఇచ్చిన జాతి కూడా ఫలానా నంబరుతో గుర్తించి, శుభ్రంగా తయారుచేసింది. మెడికల్ షాపులో 'ప్రొబయోటిక్' అని దొరికేవన్నీ అదే కాదు. ఒకదాంట్లో ఈస్ట్ ఉంటుంది, ఒకదాంట్లో బాసిల్లస్ విత్తులుంటాయి, ఇంకోదాంట్లో అయిదారు రకాల కలగాపులగం. ఒడిశాలో మామిడి కాసిందని మన పెరట్లో ఏ చెట్టుకైనా మామిడికాయలు కాయవు కదా.

మీ ఆడపడుచు పంపిన డ్రాప్స్ గురించి ఆమెకే ఒక మాట చెప్పండి, ఎందుకంటే హెచ్చరిక వచ్చింది ఆమె ఉన్న దేశం నుంచే. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లకి లేఖ రాసింది. కిలో కంటే తక్కువ బరువున్న ఒక బిడ్డకి ఆస్పత్రిలోనే ప్రొబయోటిక్ ఇచ్చారు. కొన్నాళ్లకి బిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చి చనిపోయింది. రక్తంలో దొరికిన బాక్టీరియా, సీసాలో ఉన్న బాక్టీరియా జన్యుపరంగా ఒకటే అని తేలింది. అంటే మేలు చేస్తుందని పట్టిన జీవే రక్తంలోకి చేరిందన్నమాట. 2014లో అమెరికాలోనే కనెక్టికట్‌లో జరిగింది ఇంకో రకం. అక్కడ బాక్టీరియా తప్పేం లేదు, పొడిలో బూజు కలిసిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ పేగుకి ఆ బూజు సోకి ప్రాణం తీసింది. ఈ ఇద్దరూ మీ బాబు కంటే చాలా బలహీనమైన పిల్లలు, నిజమే. మీవాడికి అలా జరిగి తీరుతుందని నేను అనడం లేదు. అమెరికాలో ఇలాంటి సీసాల్ని మందులుగా కాక ఫుడ్ సప్లిమెంట్లుగా అమ్ముతారు, మందుకి చేసినంత పరీక్ష వాటికి ఉండదు. 'ఫారిన్‌ది కాబట్టి మంచిది' అనే నమ్మకం ఈ ఒక్క విషయంలో మానుకోవాలి.

సాచెట్ గురించి నాకు ఇంకో భయం ఉంది. అది సాచెట్ లోపల ఉన్నదాని గురించి కాదు, దాన్ని విప్పే పద్ధతి గురించి. ఒకసారి ఓపీలో ఒకావిడ నా ఎదురుగానే మనవడికి సాచెట్ కలిపింది. కత్తెర లేదు, మూల పంటితో చింపింది. సగం పొడి సీసా మూతలో పోసింది. బస్సులో వస్తూ కొన్న నీళ్లు రెండు చుక్కలు వేసి చూపుడువేలితో కలిపింది. మిగిలిన సగం సాచెట్ మడిచి, పమిట కొంగుకి ముడేసుకుంది, సాయంత్రానికి పనికొస్తుందని. ఆ వేలినే బిడ్డ నోట్లో పెట్టింది. ఆవిడ ప్రేమలో లోపం లేదు. ఆ సాచెట్‌లో ఏ జాతి ఉందో నాకు తెలీదు గానీ, బిడ్డ కడుపులోకి వెళ్లిన జాతులు డబ్బా మీద రాసినవాటికంటే చాలా ఎక్కువ.

ఈస్ట్ ఉన్న సాచెట్లయితే ఆస్పత్రిలో ఇంకా ప్రమాదం. విప్పినప్పుడు పొడి గాలిలోకి లేస్తుంది, చేతులకి అంటుకుంటుంది, అదే చేత్తో లైను ముట్టుకుంటే నేరుగా రక్తంలోకే. సాచెట్ తీసుకోని పక్క మంచం రోగికి సోకిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే యూరప్‌లో సెంట్రల్ లైను ఉన్నవాళ్లకి ఆ రకం ఇవ్వకూడదని మందు కాగితం మీదే రాయించారు. మీవాడికి ఇప్పుడు లైను లేదు కాబట్టి ఆ భయం తగ్గింది. కానీ ఏ కారణంతోనైనా మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, ఇంటి నుంచి సాచెట్లు బ్యాగులో పెట్టుకుని వెళ్లి నర్సుకి చెప్పకుండా పట్టకండి. ఇది చాలామంది చేస్తారు, నాకు తెలుసు.

లాక్టోఫెరిన్ సంగతి రెండు ముక్కల్లో. తల్లిపాలలో, ముఖ్యంగా ముర్రుపాలలో దండిగా ఉండే ప్రొటీన్ అది. సూక్ష్మజీవులకి ఇనుము దొరక్కుండా పట్టి ఉంచుతుంది. ఆవుపాల నుంచి తీసిన లాక్టోఫెరిన్‌ని బ్రిటన్‌లో నెలలు నిండని 2,203 మంది పిల్లలకి ఇచ్చి చూశారు. 2019లో తేలిందేమిటంటే, ఇచ్చినవాళ్లలో ఇన్ఫెక్షన్ 29 శాతం, ఇవ్వనివాళ్లలో 31 శాతం. ఆ రెండు శాతం తేడా కూడా యాదృచ్ఛికంగా వచ్చేదే. డాలస్ నుంచి డబ్బాలో వచ్చినదానికి అసలు సరుకు మీ దగ్గరే ఉంది.

ఇప్పటిదాకా 'వద్దు' అన్నవే చెప్పాను. డిశ్చార్జి కాగితం తీయండి. అందులో విటమిన్ డి డ్రాప్స్ రాసి ఉంటాయి, రోజుకి 400 యూనిట్లు. అవి మానకండి. ఏడాది నిండేదాకా మన దేశంలో పిల్లలందరికీ ఇవ్వాల్సినవే. వాటిలో కూడా ఒక చిక్కు ఉంది. ఒక్కో కంపెనీ సీసాలో ఒక్కో బలం ఉంటుంది. ఒకదాంట్లో ఒక మి.లీ.కి 400, ఇంకోదాంట్లో 800. సీసా అయిపోయి షాపులో వేరే కంపెనీది ఇస్తే పాత కొలతే వేయకండి, పైన రాసింది చదివించుకోండి.

ఐరన్ డ్రాప్స్ కూడా రాసి ఉండొచ్చు, లేదా వచ్చే చెకప్‌లో రాస్తారు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెడతారు. డాక్టరు చెప్పిన రోజు కంటే ముందు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఇనుము బిడ్డకి రక్తం పట్టిస్తుంది, నిజమే. సూక్ష్మజీవులు కూడా ఇనుము కోసమే కాచుకుని ఉంటాయి. 1970ల్లో న్యూజిలాండ్‌లో పాలినీషియన్ (పసిఫిక్ దీవుల జాతుల) పిల్లలకి రక్తహీనత రాకుండా పుట్టిన వెంటనే ఐరన్ ఇంజక్షన్ ఇచ్చేవాళ్లు. ఆ ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో ఈ.కోలి లాంటి క్రిములతో రక్తపు ఇన్ఫెక్షన్ వెయ్యికి 17 మందికి వస్తే, ఇంజక్షన్ మానేశాక వెయ్యికి 2.7కి పడిపోయింది. బలానికని ఇచ్చింది బలహీనపరిచింది. నోటితో, సరైన వయసులో, సరైన కొలతలో ఇచ్చే చుక్కలకి ఈ భయం లేదు, కాబట్టి రాసినప్పుడు మాత్రం తప్పకుండా వేయండి.

జింకు గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు, అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఢిల్లీలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో చేరిన పసిపిల్లలకి యాంటీబయాటిక్స్‌తో పాటు జింకు ఇస్తే మందు పనిచేయకపోవడం 17 శాతం నుంచి 10 శాతానికి తగ్గిందని 2012లో ఒక మంచి అధ్యయనం వచ్చింది. అది జబ్బుతో ఉన్న పిల్లలకి, ఆస్పత్రిలో. పొట్ట మీద పేగు బయటికి తీసి సంచి పెట్టిన పిల్లలకి కూడా జింకు, ఉప్పు బాగా పోతుంటాయి, వాళ్లకి విడిగా ఇవ్వాలి. ఉప్పు తగ్గితే ఎన్ని పాలు పట్టినా వాళ్లు బరువు పెరగరు. మీవాడికి అలాంటి సంచి లేదు. రెండు వారాల్లో 2.3 నుంచి 2.7కి వచ్చి ఉంటాడని నా అంచనా, అంటే రోజుకి పాతిక, ముప్ఫై గ్రాములు. అంతకంటే ఏం కావాలమ్మా? ఈ వయసులో బలం అంటే ఆ తూకం కాగితమే.

అత్తగారి వస దగ్గరికి వద్దాం. వసకొమ్ము, సాన, ఆముదం, ఇవన్నీ మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. మా అమ్మమ్మ నాకూ పోసిందట, నోరు బాగా తిరుగుతుందని. తిరిగిందో లేదో పాఠకులే చెప్పాలి. కానీ సాన మీద ఎన్నేళ్లుగా ఏమేమి అరిగాయో, దాన్ని ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలీదు. కోసి కుట్టిన పేగున్న బిడ్డకి అది వద్దు. తేనెలో క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే క్రిమి విత్తులు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులో అవి మొలవవు, ఏడాది లోపు పిల్లల పేగులో మొలిచి విషం తయారుచేస్తాయి. బిడ్డ మెడ వాలిపోతుంది, పాలు చీకలేడు, ఊపిరి కూడా ఆగొచ్చు. యాంటీబయాటిక్స్ వాడి పేగులో మంచి బాక్టీరియా తగ్గిన బిడ్డ విషయంలో ఇంకా జాగ్రత్తపడాలి. గ్రైప్ వాటర్ అవసరం కూడా లేదు.

అత్తగారితో 'మీకేం తెలీదు' అనకండి. ఆవిడ దగ్గర ఒక మంచి వస్తువు ఉండే ఉంటుంది: ఉగ్గుగిన్నె. పాలసీసా కంటే అది నూరుపాళ్లు మేలు. సీసా పీక లోపలి అంచుల్లో పాల జిడ్డు అంటుకుని ఎంత కడిగినా పోదు, క్రిములు అక్కడే కాపురం పెడతాయి. ఉగ్గుగిన్నెకి మూలల్లేవు. ఆవిడని రోజూ ఆ గిన్నె, మీరు పాలు పిండే గిన్నె సబ్బుతో కడిగి, నీళ్లలో పది నిమిషాలు మరగబెట్టి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టమనండి. తుడిచే గుడ్డే కొంప ముంచుతుంది. పిండిన పాలు గదిలో నాలుగు గంటల లోపు వాడేయండి, ఖమ్మం ఎండల్లో అయితే అంతసేపు కూడా వద్దు. ఫ్రిజ్‌లో పెడితే మీవాడికి ఒక రోజు లోపే. తలుపు అరలో కాదు, లోపల వెనకవైపు పెట్టాలి. వెచ్చబెట్టాలంటే గిన్నెని వేడినీళ్లలో ఉంచండి, పొయ్యి మీద కాచొద్దు. తాగగా మిగిలినవి దాచొద్దు.

మీ పాలు చాలకపోయిన రోజున డబ్బాపాలు తెస్తామంటారు. డబ్బాపాల పొడి స్టెరైల్ కాదు. మూత తీయని కొత్త డబ్బాలో కూడా క్రోనోబాక్టర్ అనే క్రిమి ఉండే వీలుంది. 2022లో అమెరికాలో పేరున్న కంపెనీ డబ్బాలనే ఈ కారణంగా వెనక్కి తెప్పించారు. డాక్టరు తప్పదని రాస్తేనే వాడండి. వాడితే కాగబెట్టిన నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లారకముందే పొడి కలపాలి, ఆ తర్వాత చల్లార్చి పట్టాలి, రెండు గంటల్లో వాడేయాలి. గోరువెచ్చటి నీళ్లలో కలిపితే క్రిములు చావవు. హైదరాబాద్‌లో మళ్లీ చేర్చాల్సి వచ్చి, మీ పాలు అందకపోతే అక్కడ తల్లిపాల బ్యాంకు గురించి అడగండి. నీలోఫర్ ఆస్పత్రిలో 2017 నుంచి ధాత్రి పేరుతో ఒకటి నడుస్తోంది, అక్కడ దాతల పాలని పాశ్చరైజ్ చేసి ఇస్తారు.

మీకు ఎవరైనా పథ్యం పెడుతున్నారా? ఉత్తరంలో రాయలేదు గానీ, పెడుతున్నారనే నా అనుమానం. బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదని, కూరలు తినకూడదని, వెల్లుల్లి కారం అన్నంతో రోజులు గడిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ బాబు బలానికి తెచ్చిన డబ్బుతో మీరు రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర, పెరుగు తినండి. దాహమేసినప్పుడల్లా నీళ్లు తాగండి. వెల్లుల్లి కారం కూడా తినండి, ఎవరు వద్దన్నారు, కూరకి తోడుగా తినండి.

చేతుల గురించి చెప్పాలంటే నేను కోపంగా రాస్తానేమో. బిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్లు బుగ్గ గిల్లి, వేలు గుప్పిట్లో పెట్టి, ముద్దు పెట్టి వెళతారు. గుమ్మం దగ్గర ఒక బకెట్టు నీళ్లు, సబ్బు పెట్టండి. జలుబున్నవాళ్లని వచ్చే నెల రమ్మనండి. బంధువులు నొచ్చుకుంటారు, పర్వాలేదు, అన్నప్రాసనకి మళ్లీ కలిసిపోతారు.

కింద చెప్పే వాటిలో ఏది కనిపించినా ఫోన్లలో అడుగుతూ కూర్చోకుండా బయలుదేరాలి. పచ్చగా పసరు కక్కితే అది అర్ధరాత్రయినా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే. పొట్ట బిగుసుకుని ఉబ్బినా, మలంలో రక్తం కనిపించినా అంతే. పాలు తాగడం మానేసినా, లేపితే లేవనట్టు నిద్రపోతున్నా, నిమిషానికి 60 సార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగొద్దు. జ్వరం 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినా చూపించాలి, కానీ చిన్నపిల్లల్లో ఇన్ఫెక్షన్‌కి జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడడం కూడా ఉంటుంది. థర్మామీటరు 35.5 కంటే తక్కువ చూపిస్తే అదీ ప్రమాదమే, దుప్పటి కప్పి ఊరుకోవద్దు. కుట్ల దగ్గర ఎర్రగా వాచి చీము కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా చూపించండి.

చెకప్‌కి వెళ్లేటప్పుడు నేను పక్కన పెట్టమన్న సంచి పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద గుమ్మరించండి. 'ఇవి మా ఇంట్లో ఉన్నాయి, వీటిలో ఏదైనా మా బాబుకి పనికొస్తుందా' అని అడగండి. ఆపరేషన్ చేసిన కడుపుని చూసింది ఆయన, నేను చూసింది మీ ఉత్తరాన్ని మాత్రమే. ఏదైనా ఒక ప్రొబయోటిక్‌ని ఆయనే పేరు పెట్టి రాస్తే, ఏ జాతి, ఎన్ని రోజులు అని అడిగి రాయించుకుని వాడండి. నా మాట పట్టుకుని ఆయనతో వాదించొద్దు.

బీసీజీ సంగతి మీరు రాయలేదు. పుట్టగానే ఆస్పత్రికి పరిగెత్తారు కాబట్టి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి మొదటి డోసు పడి ఉండకపోవచ్చు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తీసి చూడండి. ఆరు వారాల టీకాలకి మీకు ఇంకా నాలుగైదు రోజులే ఉంది. ఆపరేషన్ అయిందని టీకాలు వాయిదా వేయకుండా, ఏఎన్‌ఎంని ముందే కలిసి ఏవి బాకీ ఉన్నాయో రాయించుకోండి.